కుర్చీలో కూర్చున్నవారు, తలుపు తీసినవారు
(రేడియో ప్రసంగ పాఠము)



మీరు ఏ మిషను హైస్కూలుకైనా, ఏ క్రైస్తవ కళాశాలకైనా వెళ్లినప్పుడు హెడ్మాస్టరు గదిలోనో ప్రిన్సిపాలు గదిలోనో ఒకసారి తల ఎత్తి చూడండి. గోడకు ఒక చెక్క బోర్డు ఉంటుంది. అప్పటివరకు ఆ కుర్చీలో కూర్చున్నవారి పేర్లు దానిమీద వరుసగా రాసి ఉంటాయి. పేరు, ఎప్పటి నుండి, ఎప్పటి వరకు. అంతే. ఆ రెండు తేదీల నడుమ ఆ మనిషి ఏమి చేశాడో బోర్డు చెప్పదు. ఎవరికి తలుపు తీశాడో, ఎవరిని గేటు దగ్గరనుండే తిప్పి పంపివేశాడో చెప్పదు. ఆ లెక్క దేవుని యొద్ద ఉన్నది.

ఈ నెల మనము అటువంటి ఒక బోర్డును కలిసి చదువుదాము. అది మన దేశపుది కాదు. అమెరికా దక్షిణ భాగములోని జార్జియా రాష్ట్రములో బాప్టిస్టు విశ్వాసులు ప్రారంభించిన ఒక చిన్న కళాశాలది. దాని పేరు మోర్‌హౌస్ కాలేజీ. అక్కడ కళాశాల పెద్దను ప్రిన్సిపాలు అనరు, ప్రెసిడెంటు అంటారు. పాత ప్రెసిడెంట్ల జాబితాతో మనకేమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. దయచేసి చివరివరకు చదవండి.

1. చర్చి కింది గదిలో మొదలైన బడి

ఆ దేశములో అంతర్యుద్ధము 1865లో ముగిసింది. నల్లజాతివారికి బానిసత్వము నుండి విడుదల కలిగింది. అంతకుముందు జార్జియాలో బానిసకు చదువు నేర్పడమే నేరమని చట్టము ఉండేది. విడుదలైతే వచ్చింది గాని బైబిలు తెరచి చదువగలిగిన కాపరులు ఎంతమంది ఉంటారు? అందుచేత 1867 ఫిబ్రవరిలో అగస్టా పట్టణములో స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు సంఘపు ఆలయము కింది గదిలో ఒక బడి తెరిచారు. దాని స్థాపకులలో ముఖ్యుడు విలియం జెఫర్సన్ వైట్ గారు. ఆయన బాప్టిస్టు సేవకుడు, వడ్రంగపు పని తెలిసినవాడు కూడా. చేరినవారు 37 మంది.

మన తెలుగు బాప్టిస్టు సంఘములవారు ఆ సంవత్సరమును గుర్తుపెట్టుకొనండి. అదే 1867లో జనవరి 1వ తేదీన మన ఒంగోలులో క్లౌ దొరగారు ఎనిమిదిమంది సభ్యులతో సంఘము స్థాపించారు. దొరగారిని పంపినవారు ఉత్తర అమెరికా బాప్టిస్టులు. అగస్టాలోని ఆ బడికి తరువాత అనేక సంవత్సరములు ఆదరువుగా నిలిచినవారు కూడా ఉత్తర అమెరికా బాప్టిస్టులే. అక్కడ బానిసత్వము నుండి వచ్చినవారు, ఇక్కడ ఊరి వెలుపల నివసించినవారు. రెండు చోట్లా దేవుడు మొదట కూర్చోబెట్టినది లోకము కూర్చోనివ్వని మనుష్యులనే.

2. అరవై దాటిన మొదటి ప్రెసిడెంటు

బోర్డుమీద మొదటి పేరు జోసెఫ్ రాబర్ట్ గారిది, 1871 నుండి 1884 వరకు. ఆయన దక్షిణ కరోలినాలో పుట్టిన తెల్లజాతి బాప్టిస్టు బోధకుడు. బానిసత్వము దేవునికి ఇష్టము కాదని గ్రహించి, పుట్టిన ప్రాంతమును విడిచి ఉత్తరమునకు వెళ్లిపోయినవాడు. అరవై ఏళ్లు దాటిన తరువాత, విశ్రాంతి తీసుకొనవలసిన వయసులో తిరిగి దక్షిణమునకు వచ్చి ఆ బడిని చేతులలోనికి తీసుకొన్నారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మన సంఘ కమిటీలలో ఒకరు తీర్మానము ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, అధ్యక్షుడు ఓటింగు పెడతాడు. ఈ పద్ధతులన్నిటికి పేరుపొందిన గ్రంథము ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ 1876లో వెలువడింది. దానిని రాసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ ఈ ప్రెసిడెంటు గారి కుమారుడే. ఆయన సైన్యములో ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణములో ఒక బాప్టిస్టు సంఘములో సభకు అధ్యక్షత వహించమంటే, సభ అదుపు తప్పి ఆయన సిగ్గుపడవలసి వచ్చింది. ఆ అవమానములోనుండే ఆ పుస్తకము పుట్టింది. కుమారుడు కుర్చీలో ఎట్లా కూర్చోవలెనో లోకమునకు నేర్పించాడు. తండ్రి ఆ సంవత్సరములలోనే, కుర్చీ దేనికొరకో జీవించి చూపించారు.

1879లో ఆ బడి అట్లాంటా నగరమునకు మారింది. అక్కడ కూడా మొదట దొరికినది ఒక చర్చి కింది గదే. రాబర్ట్ గారు 1884లో పదవిలో ఉండగానే కన్నుమూశారు. బడి ఇప్పుడున్న స్థలమునకు చేరడము ఆయన చూడలేదు.

3. స్థలము, పేరు, ఒక కాపరి

రెండవ ప్రెసిడెంటు శామ్యూల్ గ్రేవ్స్ గారు 1885 నుండి 1890 వరకు ఉన్నారు. ఆయన కాలములో బడి ఇప్పుడున్న స్థలమునకు చేరింది. మూడవవారు కెనడా దేశస్థుడైన జార్జ్ సేల్ గారు, 1890 నుండి 1906 వరకు. ఆయన కాలములో 1897లో అది అట్లాంటా బాప్టిస్టు కాలేజీ అయినది.

సేల్ గారి రోజులలో అట్లాంటాలోని ఎబెనేజర్ బాప్టిస్టు సంఘ కాపరి ఒకాయన వచ్చి సేవకుల తరగతిలో చేరారు. బానిసల ఇంట పుట్టినవాడు. అప్పటికే సంఘము నడుపుతూ ఉన్నా ఇంకా నేర్చుకొనవలెనని కూర్చున్నాడు. 1898లో తరగతి ముగించి తన సంఘ పనిలో కొనసాగాడు. ఆయన పేరు ఎ.డి. విలియమ్స్. ఈ పేరును మనస్సులో ఉంచుకొనండి.

4. ముప్పై తొమ్మిది సంవత్సరముల తరువాత

నల్లజాతివారి కొరకు పుట్టిన కాలేజీకి నల్లజాతి ప్రెసిడెంటు రావడానికి 39 సంవత్సరములు పట్టింది. మనము నిజము మాట్లాడుకొందాము. ముందున్నవారు త్యాగపరులే, ప్రేమ గలవారే. అయినను ఎవరికొరకు పనిచేస్తున్నారో వారి చేతికి తాళపుచెవి ఇవ్వడము ప్రేమ గలవారికి సయితము కష్టమే. మన మిషను చరిత్రలో కూడా ఈ సంగతి మనకు తెలియనిది కాదు.

1906లో జాన్ హోప్ గారు ప్రెసిడెంటు అయినారు. ఆయన అగస్టాలో పుట్టారు. తండ్రి స్కాట్లండు నుండి వచ్చిన తెల్లవాడు, తల్లి నల్లజాతి స్త్రీ. తండ్రి చనిపోయిన తరువాత, ఆయన కుటుంబమునకు ఏర్పాటు చేసిన ఆస్తి వారి చేతికి అందలేదు. హోప్ గారి చర్మము ఎంత తెల్లనిదంటే, తాను తెల్లవాడనని చెప్పుకొని ఎక్కడైనా సుఖముగా బ్రతుకగలిగేవారు. ఆయన ఆ మార్గము కోరుకోలేదు. తల్లి జనాంగమే తన జనాంగమని నిలిచారు. ఐగుప్తు ధనముకంటె తన ప్రజలతో శ్రమను ఎన్నుకొన్న మోషే మనకు జ్ఞాపకము రావడము లేదా?

ఆయన బాధ్యత తీసుకొన్న 1906 సెప్టెంబరులోనే అట్లాంటాలో తెల్లజాతి అల్లరిమూకలు నల్లవారి మీద పడి అనేకులను చంపివేశాయి. అట్టి నగరములో ఆయన తన మొదటి విద్యా సంవత్సరమును నడిపించవలసి వచ్చింది. ఆయన 1931 వరకు, అనగా ఇరవై ఐదు సంవత్సరములు ఆ భారము మోశారు. ఆయన కాలములోనే 1913లో, హోమ్ మిషన్ సొసైటీ కార్యదర్శి హెన్రీ మోర్‌హౌస్ గారి గౌరవార్థము కాలేజీకి ఇప్పటి పేరు వచ్చింది.

అయితే హోప్ గారిని గూర్చి నేను మీకు చెప్పగోరుచున్నది మరొక సంగతి. 1926లో ఒక యువ బోధకుడు ఆ కాలేజీలో చేరాలని వచ్చాడు. పాలికాపు కుటుంబములో పెరిగినవాడు. ఇరవై ఏళ్ల వయసులో పట్టణమునకు వచ్చి, చిన్నపిల్లలతో కలిసి ఐదవ తరగతిలో కూర్చున్నవాడు. ప్రవేశ పరీక్ష రాశాడు, తప్పాడు. ఇక్కడ చదువగలిగే స్థాయి నీకు లేదని ఆఫీసువారు చెప్పారు. అతడు ఊరుకోలేదు. తిన్నగా ప్రెసిడెంటు గదిలోనికి వెళ్లి నిలబడ్డాడు. తాను ఎంత కష్టపడి ఇంతవరకు వచ్చాడో, అవకాశమిస్తే ఇంకా ఎంత కష్టపడగలడో చెప్పుకొన్నాడు. చెప్పి, ఆశ వదులుకొని బయటికి నడిచాడు. వెనుకనుండి పిలుపు వచ్చింది. హోప్ గారు అతనిని చేర్చుకోమని చీటీ రాసి ఇచ్చారు.

అతడు 1930లో ఆ చదువు ముగించాడు. ఎ.డి. విలియమ్స్ గారు గుర్తున్నారు గదా, ఆయన కుమార్తెను వివాహము చేసికొన్నాడు. మామగారి తరువాత ఎబెనేజర్ సంఘమునకు కాపరి అయ్యాడు. అతని పేరు మార్టిన్ లూథర్ కింగ్. లోకమంతా ఎరిగిన కింగ్ గారికి తండ్రి.

5. మూతపడకుండ కాపాడినవాడు

1931లో శామ్యూల్ ఆర్చర్ గారు ఐదవ ప్రెసిడెంటు అయినారు. ఆయన పేరు చాలామందికి తెలియదు. అమెరికాలో బ్యాంకులు కూలి, పని దొరకక లక్షలాది జనులు వీధిన పడిన రోజులవి. 1937 వరకు ఆయన కాలేజీని లాక్కొని వచ్చారు. తాను చదివిన కాలేజీ రంగులైన మెరూను, తెలుపు ఈ కాలేజీకి రంగులుగా ఇచ్చారు. ఆయన కాలములో చెప్పుకోదగిన గొప్ప సంగతి ఏమిటంటే, తలుపులు మూతపడలేదు. కొన్ని సంవత్సరములలో దేవుడు మననుండి కోరేది అంతే. దీపము ఆరిపోకుండ అరచేయి అడ్డుపెట్టడము కూడా పరిచర్యయే. ఆ తరువాత చార్ల్స్ హ్యూబర్ట్ గారు 1940 వరకు తాత్కాలికముగా బాధ్యత వహించారు.

6. అమెరికానుండి వచ్చిన ‘అంటరానివాడు’

1940లో బెంజమిన్ మేస్ గారు వచ్చారు. ఆయన తల్లిదండ్రులు బానిసలుగా పుట్టినవారు, ఎనిమిదిమంది పిల్లలలో ఆయన కడగొట్టువాడు. నాలుగేళ్ల వయసులో, 1898లో, తుపాకులు పట్టుకొన్న మూక ఒకటి గుర్రములమీద వచ్చి తన తండ్రిచేత వంగి దండము పెట్టించుకోవడము కన్నులారా చూశారు. ఆ బాలుడే పెరిగి షికాగో విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టా పొందాడు. 1921లో ఆయనను మొదట ఈ కాలేజీకి లెక్కల ఉపాధ్యాయునిగా పిలిచి తెచ్చినది జాన్ హోప్ గారే. విత్తువాడు ఒకడు, కోయువాడు ఒకడు అని ప్రభువు సమరయ బావి దగ్గర శిష్యులతో చెప్పిన మాట ఎంత నిజము!

ప్రెసిడెంటు కాకమునుపు మేస్ గారు మన దేశమునకు వచ్చారు. 1936-37లో మైసూరులో జరిగిన వై.ఎం.సి.ఎ. ప్రపంచ సభలకు ప్రతినిధిగా వచ్చి, వార్ధాలో గాంధీ గారిని కలిసి గంటన్నర మాట్లాడారు. మైసూరుకు దగ్గరలోని ఒక గ్రామములో, అంటరానివారని పిలువబడిన వారి పిల్లల బడికి ఆయనను ఆహ్వానించారు. భోజనమైన తరువాత ఆ హెడ్మాస్టరు, ఈయన అమెరికానుండి వచ్చిన అంటరానివాడు, అయినను గొప్పవాడయ్యాడు అని పిల్లలకు పరిచయము చేశాడు. మేస్ గారికి ఒక్కసారిగా కోపము వచ్చింది. కాని కొద్ది నిమిషములు ఆలోచించి, నిజమే, నా దేశములో నేను అంటరానివాడనే అని ఒప్పుకొన్నారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసికొన్నారు.

ఆ కోపమును ఆయన వ్యర్థము చేయలేదు, కాలేజీకి తెచ్చారు. ఫీజు వసూలులో ఎంత గట్టివాడంటే, విద్యార్థులు ఆయనకు ‘బక్ బెన్నీ’ అని పేరు పెట్టారు. ప్రేమ పేరుతో లెక్కలు వదిలేస్తే రేపటి విద్యార్థికి బడి ఉండదని ఆయనకు తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధములో యువకులు సైన్యమునకు వెళ్లిపోయి బెంచీలు ఖాళీ అయినప్పుడు, యుద్ధము ముగిసేవరకు కాలేజీ మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది. మేస్ గారు ఒప్పుకోలేదు. హైస్కూలు పూర్తిగా ముగించని తెలివైన పిల్లలను ముందుగానే చేర్చుకొందాము అన్నారు.

అట్లా తెరిచిన తలుపు గుండా 1944లో ఒక 15 ఏళ్ల కుర్రవాడు లోపలికి వచ్చాడు. కాలేజీకి వచ్చాక చూస్తే, తనకు ఎనిమిదవ తరగతి స్థాయిలోనే చదవడము వచ్చునని తెలిసిందని ఆ కుర్రవాడే తరువాత చెప్పుకొన్నాడు. పాదిరి కొడుకే గాని పాదిరి కావాలని లేదు. వైద్యుడు కావాలని, న్యాయవాది కావాలని ఆలోచన. మేస్ గారు వారము వారము ప్రార్థనాలయములో ఇచ్చే ప్రసంగములు విన్నాడు, ఆయన వెంట నడిచి ప్రశ్నలు అడిగాడు. చదువు ముగించేసరికి, 1948లో, సేవకునిగా అభిషేకము పొందాడు. ఆయనే డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్.

1959లో కింగ్ గారు కూడా మన దేశమునకు వచ్చారు. త్రివేండ్రములో ఒక బడిలో ఆయనను కూడా అమెరికానుండి వచ్చిన అంటరానివాడని పరిచయము చేశారట. ఆయన కూడా మొదట నొచ్చుకొని, తరువాత ఒప్పుకొన్నారట. 1965లో తన సంఘములో ప్రసంగిస్తూ ఆయన ఈ సంగతి చెప్పారు. గురువు విన్న మాటయే శిష్యుడూ విన్నాడు.

ఇప్పుడు వెనుకకు తిరిగి చూడండి. తాత సేల్ గారి రోజులలో ఆ తరగతిలో కూర్చున్నాడు. తండ్రికి హోప్ గారు తలుపు తీశారు. మనుమనికి మేస్ గారు తలుపు తీశారు. నడుమ ఆర్చర్ గారు ఆ తలుపు మూతపడకుండ పట్టుకొన్నారు. వీరిలో ఏ ఒక్కరికీ తాము ఎవరికొరకు పనిచేస్తున్నారో తెలియదు. ఎదుట నిలబడినవాడు పరీక్ష తప్పిన పల్లెటూరివాడు. ఎదుట నిలబడినవాడు సరిగా చదవలేని పిల్లవాడు. అంతే వారికి కనబడినది.

తమలో ఎవరు ముందు పోతే రెండవవాడు అంత్యక్రియల ప్రసంగము చేయవలెనని గురుశిష్యులు అనుకొన్నారు. శిష్యుడే ముందు పోయాడు. 1968 ఏప్రిల్ 9న ఆ కాలేజీ ఆవరణములోనే, 73 ఏళ్ల మేస్ గారు 39 ఏళ్ల కింగ్ గారి శవపేటిక యెదుట నిలబడి మాట్లాడారు. అంతకుముందు సంవత్సరమే, 1967లో, ఆయన కుర్చీ దిగారు. ఆ కుర్చీలో కూర్చున్న ఏడవ ప్రెసిడెంటు హ్యూ గ్లాస్టర్ గారు 1931లో ఆ కాలేజీలోనే పట్టా పుచ్చుకొన్నవారు. పూర్వ విద్యార్థి ప్రెసిడెంటు కావడము అదే మొదలు. బడి తెరిచి నూరు సంవత్సరములైన తరువాత, బల్లమీద కూర్చున్నవాడు కుర్చీలోనికి వచ్చాడు.

7. నా సంగతి

ప్రియ చదువరీ, ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరముల క్రితము నేను ఒక క్రైస్తవ పాఠశాల కమిటీలో సభ్యుడను. తరువాత అధ్యక్షుడు ఎవరు అన్న విషయము మీద ఆ సాయంత్రము మీటింగు. మూడు గంటలు సాగింది. ఎవరి వర్గమునకు ఎన్ని ఓట్లు, ఎవరి సంతకము చెల్లుతుంది, ఏ రూలు ప్రకారము ఎవరు కూర్చోవలెను అన్నదే మాట. నేను కూడా గొంతు పెంచి మాట్లాడాను. సెమినరీలో చదివినవాడను, రూల్సు నాకు బాగా తెలుసు.

నడుమ టీ తాగుదామని వరండాలోనికి వచ్చాను. అక్కడ ఒక తల్లి, పదేళ్ల పిల్లవాడు నిలబడి ఉన్నారు. చేతిలో పాత బడి టి.సి., మార్కుల కాగితము. హాస్టలులో సీటు కొరకు మధ్యాహ్నమునుండి నిలబడి ఉన్నారని తెలిసింది. ఆ కాగితము అందుకొని, లోపలికి తీసుకొనివెళ్లి, ఒక మాట చెప్పి ఉంటే పది నిమిషముల పని.

“అమ్మా, ఇప్పుడు మీటింగు జరుగుతుంది. రేపు రండి” అన్నాను.

“రేపంటే మళ్లీ కూలి పోద్దయ్యగారూ” అన్నది ఆమె.

“రేపు తప్పకుండ చూద్దాము” అని నేను లోపలికి వెళ్లిపోయాను.

ఆ రాత్రి అధ్యక్షుడు తేలలేదు. ఆమె మరునాడు రాలేదు. తరువాత కూడా రాలేదు. పిల్లవాని పేరు నేను అడగలేదు. ఆ కాగితములో ఉండే ఉంటుంది, నేను చూడలేదు. ఆ తల్లి బస్సెక్కి ఏ ఊరు వెళ్లిందో నాకు తెలియదు.

సామెతల గ్రంథము 3వ అధ్యాయము 28వ వచనము మీ బైబిలులో తెరచి చూడండి. మేలు చేయుటకు కావలసినది నీ యొద్ద ఉండగా, వెళ్లి రేపు రమ్మని పొరుగువానితో చెప్పవద్దని సొలొమోను హెచ్చరించాడు. నేను ఆ వచనము మీద అనేక సార్లు ప్రసంగించినవాడను. అయినను వరండాలో అది నాకు జ్ఞాపకము రాలేదు.

జాన్ హోప్ గారు ఆ యువకుని వెనుకకు పిలిచిన సంగతి చదివిన ప్రతిసారి నాకు ఆ తల్లి కనబడుతుంది. పిలుపుకు వెనుదిరిగిన అతని ముఖము కాదు, వెనుదిరుగకుండ గేటు దాటి వెళ్లిపోయిన ఆమె వీపు కనబడుతుంది. ఆ పిల్లవాడు కింగ్ గారివంటి వాడు అయ్యేవాడని నేను చెప్పడము లేదు. అట్లా అయ్యేవారికే తలుపు తీయవలెనంటే అది పరిచర్య కాదు, బేరము. వాడు ఒక బాలుడు, మన ప్రభువు తన యొద్దకు రానియ్యమన్న బాలుడు. అది చాలు.

8. నీ బోర్డుమీద

సంఘ పెద్దలారా, కాపరులారా, కరెస్పాండెంట్లారా, ఉపాధ్యాయులారా, మన పూర్వికులు కట్టిన బడులు, ఆసుపత్రులు, ఆలయములు మన చేతులలో ఉన్నాయి. వాటి కుర్చీల కొరకు మనము ఎన్ని వర్గములుగా చీలిపోయామో, ఎన్ని కోర్టు మెట్లు ఎక్కామో మన పొరుగువారికి కూడా తెలుసు. కుర్చీ చెడ్డది కాదు. రూల్సు చెడ్డవి కావు. లెక్కలు గట్టిగా చూడడము చెడ్డది కాదు, మేస్ గారు చూశారు. అయితే మనము లోపల కుర్చీ కొరకు పోట్లాడుతుండగా వరండాలో ఎవరు నిలబడి ఉన్నారు? దానిని గూర్చి మనము లెక్క చెప్పవలసి ఉన్నది.

పదవి లేని సహోదరీ, సహోదరుడా, నాకు ఏ కుర్చీ లేదు గదా అని నీవు అనుకోవద్దు. నీకు ఒక గుమ్మము ఉన్నది. దరఖాస్తు రాయడము రాని పొరుగింటి పిల్లకు నీవు రాసిపెట్టగలవు. పరీక్ష తప్పిన మేనల్లుని పక్కన కూర్చోబెట్టుకొని ఒక పాఠము చెప్పగలవు. నాటువాడు పౌలు కావచ్చు, నీళ్లు పోయువాడు అపొల్లో కావచ్చు, వృద్ధి కలుగజేయువాడు దేవుడే. ఎవరు నాటారో ఎవరు పోశారో ఆయన మరచిపోడు.

ఒక దినమున మన పేరు పక్కన కూడా ‘ఎప్పటి వరకు’ అన్న చోట ఒక తేదీ రాయబడుతుంది. అది మన చేతిలో లేదు. ఆ తేదీ వచ్చేలోగా వరండాలోనికి ఒకసారి వెళ్లి, అక్కడ నిలబడినవారి పేరు అడుగుదాము.

ప్రార్థించుకొందాము. ప్రభువా, మేము రేపు రమ్మని పంపివేసిన వారి విషయమై మమ్మును క్షమించుము. వారు ఎక్కడ ఉన్నను నీవే వారికి తలుపు తీయుము. మా చేతిలో తాళపుచెవి ఉన్నంతకాలము దానిని తీయుటకు వాడునట్లు మాకు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.